మూడో నెలకు ముందే

"నెయ్యి దాని కంచంలో వెయ్యి వరదా. నీకెందుకది? నువ్వేమన్నా ఇద్దరి కోసం తింటా ఉండావా?" అంది అత్త కామాక్షమ్మ.

తన కంచం మీదికి వంచబోయిన నేతిగిన్నెను వరదమ్మ పక్కకు తిప్పి చెంచులక్ష్మి కంచంలో వంచింది. మగవాళ్ళు తిని పోయాక కోడళ్ళిద్దరూ వంటింటి గోడవారన కూచుని తినే వేళ అది. పెద్దకోడలు వరదమ్మకు ముప్పై ఒకటి. చిన్నకోడలు చెంచులక్ష్మికి ఇరవై ఒకటి. ఇద్దరికీ మొగుడు ఒక్కడే, రామనారాయణ. ఉదయగిరి కొండ కింద సజ్జచేలు, వేరుశనగ చేలు ఉన్న కుటుంబం. ఆంధ్ర రాష్ట్రం వచ్చి రెండేళ్ళు కావస్తున్న ఎండాకాలం అది. చెంచులక్ష్మికి ఎనిమిదో నెల.

వరదమ్మకు నెయ్యంటే అంత ఆశేమీ లేదు. ఆమె కళ్ళు పడేది కంచం ముందు కూచోలేక కూచున్న ఆ పొట్ట మీద. చెంచులక్ష్మి ముద్ద కలుపుతూ మధ్యలో ఆగి, లోపలినుంచి ఎవరో పిలిచినట్టు తల వంచి నవ్వుకునేది. ఆ నవ్వు చూశాక వరదమ్మ కలిపిన ముద్దను కంచంలోనే వదిలేసేది. ఇరుగుపొరుగు అది మొగుడికోసం సవతుల పోరనుకునేవాళ్ళు. మొగుడు! ఆయన ఏ గదిలో పడుకుంటున్నాడో వరదమ్మ పట్టించుకోవడం మానేసి ఏడేళ్ళయింది. ఆయన నెల్లూరు పోయినప్పుడల్లా బత్తాయిలు తెచ్చి చిన్నదాని ఒళ్ళో పోస్తాడు. "నేను కడుపుతో ఉండినప్పుడు ఒక్కటన్నా తెచ్చినావా?" అని ఒకసారి నోరు జారితే, "అప్పుడు నాయన పెత్తనం. నా చేతిలో ఏముండాది?" అన్నాడు. నిజమే కావచ్చు. ఆ బత్తాయి తొక్కలు ఊడ్చి ఎత్తేది మాత్రం వరదమ్మే. ఊడుస్తూ ఒక తొక్కను గోటితో గిల్లి వాసన చూసి, తన మీద తనకే అసహ్యం వేసి చీపురుతో దూరంగా నెట్టేసేది.

తొమ్మిదేళ్ళ కింద ఆమెకూ ఒక కొడుకు పుట్టాడు. నాలుగు రోజులు బతికాడు. తలనిండా జుట్టుతో పుట్టాడు. గట్టిగా ఏడ్చాడు, పాలకు నోరు తెరిచాడు, తాగినదంతా కక్కాడు. రెండోరోజుకు పొట్ట బిగిసింది. మూడోరోజు మంత్రసాని రోశమ్మ నీళ్ళు పోయడానికి బిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకుని, చూసి, చేత్తో నోరు మూసుకుంది. తిన్నది బయటికి పోయే దారి లేదు. ఉండవలసిన చోట నున్నటి చర్మం ఉంది.

"గ్రహణం నాడు ఏం చేసినావే?" అని కామాక్షమ్మ కోడలిని అడిగింది. ఇంగ ఏం చేద్దాం అని ఎవరూ అడగలేదు.

ఇరవై రెండేళ్ళ వరదమ్మ ఏదీ దాచుకోలేదు. అంతకు ముందు నెలలో జ్యేష్ఠ పున్నమికి చంద్రగ్రహణం వచ్చింది. ఆ సాయంత్రం ఆమె ఆవకాయ జాడీకి వాసెన కట్టింది. జాడీ మూతి మీద గుడ్డ పరిచి, పురికొస నాలుగు చుట్లు చుట్టి, బిగించి ముడివేసింది. "అదీ సంగతి! జాడీకి మూతి కట్టినావు, బిడ్డకు దారి కట్టేసినావు" అంది అత్త. గ్రహణం పట్టకముందే కట్టి పొమ్మని వంటింట్లోంచి కేకేసింది తనేనన్న మాట అత్త ఎత్తలేదు. వరదమ్మా ఎత్తలేదు.

తర్వాత చేసిన ఒక్క పని మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ మూడోరోజు సాయంత్రం పచ్చిబాలింత గోడ పట్టుకుని నడుచుకుంటూ కొట్టుగదిలోకి పోయింది. వాసెన ముడి వేళ్ళకు లొంగకపోతే పంటితో కొరికి విప్పింది. గుడ్డ లాగి పారేసి, జాడీ నోరు తెరిచిపెట్టి, మళ్ళీ గోడ పట్టుకుని వచ్చి బిడ్డ గుడ్డలు విప్పి చూసింది. మర్నాడు పొద్దు వాలకముందే బిడ్డ పోయాడు. జాడీకి బూజు పట్టింది. ఎవరు విప్పారో తెలియక పనిమనిషిని తిట్టారు.

అప్పటినుంచి ఆ ఇంట్లో ముడివేసే పని, మూతపెట్టే పని వరదమ్మవి కావు. నోముకు తోరం కట్టరాదు. చీరెసారె మూట కట్టరాదు. గాదె మూత ముట్టరాదు. పేడ ఎత్తడానికి, పిండి రుబ్బడానికి, కళ్ళాపి చల్లడానికి మాత్రం ఆ చేతులు బ్రహ్మాండంగా పనికొచ్చాయి. రెండేళ్ళు చూసి, మళ్ళీ కడుపు రాలేదని రామనారాయణ పద్నాలుగేళ్ళ చెంచులక్ష్మిని చేసుకున్నాడు. పెళ్ళికి బయల్దేరుతూ వరదమ్మతో ఒక్క మాటన్నాడు. "నన్నేం చేయమంటావు? నీ చేత్తో నువ్వే మూసుకున్నావు."

చెంచులక్ష్మికి చాలా ఏళ్ళు ఏమీ నిలవలేదు. ఇన్నాళ్ళకు నిలిచిందని, ఆరో నెలలో ఆత్మకూరు ప్రసూతి ఆస్పత్రిలో చూపించమని రామనారాయణ బస్సెక్కించాడు. సంచి మొయ్యడానికి వరదమ్మను తోడు పంపాడు. అక్కడ ఎస్తేరమ్మ అనే నర్సు చెంచులక్ష్మిని బల్ల మీద పడుకోబెట్టి, పొట్ట మీద కొయ్యగొట్టం ఆనించి చెవి పెట్టి వింది. విని నవ్వి, "పెద్దమ్మా, నువ్వూ వింటావా?" అంది. వరదమ్మ వద్దనలేదు. చెవి పెట్టింది. ఎక్కడో దూరపు ఇంట్లో తొందరతొందరగా వడ్లు దంచుతున్నట్టు వినపడింది. చెవి తీసేసింది. తన పొట్ట మీద ఎవరూ గొట్టం పెట్టలేదు. తన కొడుకు గుండె అట్లా దంచుకున్నప్పుడు విన్నవాళ్ళు లేరు, చివరికి తను కూడా. ఆ క్షణాన చెంచులక్ష్మి మీద పుట్టిన మంట ఎంతటిదంటే, బల్ల మీంచి దిగడానికి ఆ పిల్ల చెయ్యి చాపితే వరదమ్మ చూడనట్టు సంచి సర్దుకుంది.

"నీకెందరమ్మా పిల్లలు?" అని నర్సు అడిగింది. చెంచులక్ష్మి వాకిట్లో నీళ్ళు తాగుతోంది. ఎందుకో వరదమ్మ అంతా చెప్పేసింది. దారి లేకపోవడం, జాడీ, గ్రహణం, అన్నీ.

ఎస్తేరమ్మ చేతులు తుడుచుకుంటూ అడిగింది. "గ్రహణం నాటికి నీకు ఎన్నో నెల?"

"తొమ్మిది."

"అయితే నీ జాడీకి, దానికి ఏం సంబంధం తల్లీ? ఆ దారి తెరుచుకునేది రెండో నెల చివర్లో. నీ బిడ్డకు అప్పుడే తెరుచుకోలేదు. నీకు వేవిళ్ళు తగ్గకముందే అదంతా అయిపోయి ఉంటుంది. పుట్టిన వెంటనే మద్రాసు తీసుకుపోయి ఉంటే కోసి దారి చేసేవాళ్ళేమో. కొందరు బతుకుతారు."

మనుషులు చెప్పే మాటల మీద వరదమ్మకు నమ్మకం పోయి చాలా కాలమైంది. "అచ్చులో ఉండాదా అది?" అంది. వింజమూరు అంగళ్ళనుంచి వచ్చే పొట్లాల కాయితాలు విప్పి, అన్న పలక చూసి, తనంతట తను చదువు నేర్చుకున్న మనిషి ఆమె. ఏ కాయితం దొరికినా ఆసాంతం చదవందే పొయ్యిలో పెట్టేది కాదు. నర్సు ఆమె ముఖం చూసి, లోపలికి పోయి, మంత్రసానులకు పాఠాలు చెప్పే అట్టలూడిన తెలుగు పుస్తకం ఒకటి తెచ్చిచ్చింది. "మళ్ళీ వచ్చినప్పుడు తేవాల" అంది.

పిడకల కొట్టంలో, మధ్యాహ్నం అత్త కునుకు తీసే వేళ, వరదమ్మ ఆ పుస్తకం చదివింది. అదంతా గ్రాంథికం. కొన్ని మాటలు నాలుగైదుసార్లు కూడబలుక్కుంది. పిండం మొదట ఆకులాగా పలచగా ఉంటుందట. అంచులు లోపలికి మడుచుకుని గొట్టమవుతుందట. ఆ గొట్టమే రేపటి నోరు, గొంతు, పొట్ట, పేగులు. 'జీర్ణనాళము ఆదియందు రెండు కొనల మూసికొని యుండును. నాలుగవ వారమున పైకొననున్న పొర విచ్చి నోరగును. క్రిందికొన పొర రెండవ మాసాంతమున విచ్చును. ఒక్కొక్కప్పుడు విచ్చకయు నుండవచ్చును. కారణము తెలియరాదు.'

కారణము తెలియరాదు. ఆ రెండు మాటల మీద ఆమె వేలు ఆగిపోయింది. అంత లావు పుస్తకం రాసినవాడు తెలియదని రాసుకున్నాడు. కామాక్షమ్మకు మాత్రం ఒక్క క్షణంలో తెలిసిపోయింది.

ఇంకో పేజీలో ఇంకో వింత ఉంది. ఆరో వారంలో పేగు తొందరగా పొడుగవుతుంది. దానికి పొట్టలో చోటు చాలదు. అందుకని బొడ్డుతాడులోకి, అంటే ఇల్లు దాటి బయటికి పోతుంది. అక్కడే నెలరోజులుండి, మెలి తిరిగి, పొట్ట కాస్త పెద్దదయ్యాక పదో వారానికి మళ్ళీ లోపలికొచ్చి తన చోట తను సర్దుకుంటుంది. చదివి వరదమ్మ పుస్తకం మూసింది. పదమూడో ఏట మర్రిపాడు పక్క పల్లెలో తను బండెక్కిన పొద్దు గుర్తొచ్చింది. చోటు చాలకే పంపిస్తారు ఎవరినైనా. అమ్మ బండి వెనకాల చింతతోపు దాకా నడిచొచ్చి ఆగిపోయింది. మూడేళ్ళకు అమ్మ పోయింది. ఇల్లు అన్నకూ వదినకూ చాలిందో లేదో, ఆమెను మళ్ళీ రమ్మన్నవాళ్ళు లేరు. వేలెడంత లేని పేగుకు తిరిగి రావడానికి ఒక వారం రాసిపెట్టి ఉంది. పేగు మీద కూడా కుళ్ళుకునే మనిషి ఉంటుందా అని ఆమెకే నవ్వొచ్చింది. నవ్వుతూనే చాలాసేపు ఏడ్చింది.

అయినా రెండు నెలలపాటు ఎవరికీ చెప్పలేదు. ఎవరికి చెప్పాలి? చెబితే తొమ్మిదేళ్ళు ఏమైపోవాలి? తప్పు నాదేనని ఒప్పుకుని బతకడం ఆమెకు అలవాటైపోయింది. పాత నొప్పి అది, ఎక్కడ ఎంత నొప్పెడుతుందో తెలుసు. పుస్తకాన్ని పిడకల వెనక దాచి, పేడ తట్ట నెత్తికెత్తుకుంది.

అప్పుడొచ్చింది సూర్యగ్రహణం, జ్యేష్ఠ అమావాస్య పొద్దున. పొద్దుపొడుపుతోనే పట్టేస్తుందని పంచాంగం చెప్పింది. చెంచులక్ష్మిని కొట్టుగదిలో చీకట్లో పడుకోబెట్టి కామాక్షమ్మ వరదమ్మతో అంది. "వాకిలి దగ్గర కూచో. దాన్ని చెయ్యి కదలనియ్యబాకు. ఒకసారి అయింది చాలు." ఒకసారి అయింది అన్నప్పుడు ఆమె వరదమ్మ చేతుల వంక చూసింది.

బయట ఎండ చిత్రంగా మసకబారింది. కోళ్ళు గంపల కిందికి చేరాయి. లోపల చిన్న కేక వినపడి వరదమ్మ తలుపు సందులోంచి చూసింది. గోడ మొదట్లో ఉన్న ఎలుక బొక్కలోంచి తేలు ఒకటి తల బయటపెట్టింది. చెంచులక్ష్మి లేచి కూచుంది. పక్కనున్న పాతగుడ్డ ఉండచుట్టి బొక్కలో కుక్కింది. మడమతో తొక్కింది. గట్టిగా, రెండుసార్లు. అప్పుడు తట్టింది ఆ పిల్లకు తనేం చేసిందో. నోటి మీద చెయ్యి పెట్టుకుని తలుపువైపు తిరిగింది. సందులో వరదమ్మ కన్ను కనపడింది.

వరదమ్మ సందు దగ్గరనుంచి జరిగి మళ్ళీ వాకిట్లో కూచుంది.

ఆ పూటనుంచి చెంచులక్ష్మి తిండి తగ్గిపోయింది. ముట్టని నెయ్యి కంచంలోనే పేరుకునేది. "ఎండలకు అట్టానే ఉంటాదిలే" అంది కామాక్షమ్మ. మూడోనాడు బావి దగ్గర చెంచులక్ష్మి వరదమ్మ కొంగు పట్టుకుంది.

"అక్కా, నువ్వు చూసినావు గదా?"

"ఏంది చూసేది?"

"బొక్క పూడ్చింది. అత్తకు చెప్పబాకక్కా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"చెప్పనులే పో" అంది వరదమ్మ.

అత్తకు చెప్పలేదు. అలాగని పిల్లకు చెప్పవలసిన మాటా చెప్పలేదు. నాలుకమీదికి వచ్చింది, మింగేసింది. మింగినప్పుడు తీపిగా ఉంది, ఆ సంగతి ఆమె తనలో తను ఒప్పుకుంది. ఒక్క మాట చాలు ఆ పిల్ల మళ్ళీ పొట్టమీద చెయ్యేసుకుని నవ్వుకోవడానికి. తనకు తొమ్మిదేళ్ళు ఆ మాట ఎవరు చెప్పారు? తను తొమ్మిదేళ్ళు మోసినదాన్ని ఈ పిల్ల మూడు రోజులు మొయ్యలేదా? బత్తాయిలు దీనికే, నెయ్యి దీనికే, కొయ్యగొట్టం దీనికే. ఆఖరికి ఊరట కూడా దీనికే, అదీ అడిగిన రోజే కావాలా? పొట్ట చూసి కుళ్ళుకోవడం అందరూ చేసేదే. ఇంకా చేతికందని ఊరటను చూసి కుళ్ళుకోవడం తనొక్కతే చేస్తున్నదేమో అనిపించింది. అనిపించినా నోరు తెరవలేదు. చెంచులక్ష్మి కళ్ళకింద నలుపు దిగింది. మెడ కింద ఎముకలు తేలాయి. అంత పొట్ట పెట్టుకుని ముఖం ఇంతయింది. వరదమ్మ చూస్తూ పెరుగు వడ్డించింది.

తొమ్మిదోనాటి మధ్యాహ్నం సజ్జలకోసం చేట పట్టుకుని కొట్టుగదిలోకి పోయింది. చెంచులక్ష్మి నేలమీద, ఆ పొట్టతో వంగలేక ఒక పక్కకు ఒరిగి, ఎలుక బొక్కలో చెయ్యి పెట్టి ఉంది. కుక్కిన గుడ్డ బయటికి రావడం లేదు. గోళ్ళతో మట్టి తవ్వుతోంది. వేళ్ళ చివర్లు చిట్లి రక్తం వస్తోంది.

"ఏందమ్మే అది! తేలుండాది దాంట్లో!"

"ఉంటే ఉండనీ" అంది చెంచులక్ష్మి, వెనక్కి తిరక్కుండానే. "తీసేస్తే తెరుచుకుంటాదేమో అక్కా. ఇంకా పుట్టలేదు గదా. ఇప్పుడు తీసేస్తే..."

వరదమ్మ చేతిలో చేట జారింది. పురికొస రుచి నోట్లోకి వచ్చింది. ఉప్పు, కారం, నూనె. ఈ గదే. ఇట్లాగే ఒరిగి, ఇట్లాగే, తెరుచుకుంటుందేమోనని. ఆ పొద్దు ఈ వాకిట్లో ఒక మనిషి నిలబడి, సంగతి తెలిసి కూడా ఊరుకుని చూస్తూ ఉంటే? ఆ మనిషిని తను ఏమనుకుని ఉండేది?

ఆమె చెంచులక్ష్మి రెక్క పట్టుకుని లాగి కూచోబెట్టింది. "ఇక్కడే ఉండు. కదిలితే చంపుతా" అని పిడకల కొట్టానికి పరుగెత్తింది. పుస్తకం తెచ్చి ఆ పిల్ల ముందు చతికిలబడింది. చెంచులక్ష్మికి చదువు రాదు. వరదమ్మ వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివి, వెంటనే ఇంట్లో మాటల్లో చెప్పింది. ఆకు గొట్టమవడం, రెండు చివరలా మూసుకుని ఉండటం, నాలుగో వారం నోరు, రెండో నెలాఖరుకు కింది దారి.

"నీకిప్పుడు ఎనిమిదో నెల. తెరుచుకునేదుంటే అది తెరుచుకుని ఆరు నెలలయింది. నువ్వు ఎలుక బొక్కే పూడ్చు, బాయే పూడ్చు, ఇప్పుడు దాన్ని మూసేదానికి నీ వల్ల కాదు."

"తెరుచుకోకపోయి ఉంటే?"

అబద్ధం చెప్పడం వరదమ్మకు తేలికే. చెప్పలేదు. "వెయ్యిమందిలో ఒకరికి ఉంటాదేమో. ఉన్నా అది నువ్వు చేసింది కాదు. పుట్టినరోజే చూసుకుంటే మద్రాసులో దారి చేస్తారంట. కాన్పుకు ఆత్మకూరు పోదాం. నేనొస్తా."

చెంచులక్ష్మి ఏడ్వలేదు. రక్తం అంటిన వేళ్ళు కొంగుకు తుడుచుకుని, చదవడం వచ్చినదానిలా ఆ పేజీ వంక చాలాసేపు చూసింది.

"అక్కా, నువ్వు జాడీ కట్టింది ఎన్నో నెలలో?"

"తొమ్మిదో నెల."

"అయితే బిడ్డ నీవల్ల పోలేదు."

ఆ మాట ఇంకొకరి నోట వినడం వరదమ్మకు అదే మొదటిసారి. నర్సు సైతం అంత సూటిగా అనలేదు. అంతలో చెంచులక్ష్మి ముఖం మారింది. నెమ్మదిగా, తనలో తను లెక్క సరిచూసుకుంటున్నదానిలా అడిగింది.

"నీవల్ల కాకపోతే, మరి నన్నెందుకు తెచ్చినారు? పద్నాలుగేళ్ళదాన్ని, పలక పట్టాల్సినదాన్ని. నువ్వు మూసినావని చెప్పే గదా మా నాయన దగ్గరికి వచ్చినారు. నువ్వు మూయకపోతే నేను ఈ ఇంట్లో ఎందుకుండాను?"

వరదమ్మ ఆ పిల్లను కొత్తమనిషిని చూసినట్టు చూసింది. ఏడేళ్ళుగా పక్క కంచంలో తింటున్న మనిషి. పొట్ట, నవ్వు, బత్తాయిల ఒడి, ఇంతవరకే చూసింది తను. చింతతోపు దాటి వచ్చిన బండి ఇంకొకటి ఉందని తట్టలేదు. వెంటనే మళ్ళీ ఆ పాత మంట లేచింది. ఇంత చిన్నప్రశ్న! రెండు నెలలు పుస్తకం దగ్గర పెట్టుకుని, అక్షరం అక్షరం తడుముకున్న తనకు ఎందుకు తట్టలేదు? చదువు రాని ఈ పిల్లకు ఒక్క పూటలో ఎట్లా తట్టింది?

"లే" అంది.

"ఏడికి?"

"అరుగు మీదికి. ఆ మాటకు జవాబు తెలిసినవాళ్ళను అడుగుదాం."

లేపడానికి చెయ్యి ఇచ్చింది. చెంచులక్ష్మి బరువంతా ఆ చేతిమీద వేసి లేచింది. నడవ దాటి, వంటిల్లు దాటి ఇద్దరూ ముందువైపుకు వచ్చారు. కామాక్షమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకుని చింతపండు గింజ తీస్తోంది. రామనారాయణ కలిగిరి పోవడానికి చొక్కా తొడుక్కుంటున్నాడు.

"ఏంది, ఇద్దరూ జతగా వచ్చినారు? పొద్దు ఎటు పొడిచింది?" అంది అత్త.

చెంచులక్ష్మి నోరు తెరవబోయింది. వరదమ్మ ఆమె మణికట్టు నొక్కింది. నెయ్యి ఇచ్చింది, బత్తాయిలు ఇచ్చింది, మొగుణ్ణి ఇచ్చింది. ఈ మాటను మాత్రం ముందుగా ఆ పిల్ల నోటికి ఇవ్వడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

"నా బిడ్డను నేను చంపలేదత్తా" అంది వరదమ్మ. "ఇంగ చెప్పండి, ఈ పిల్లను ఎందుకు తెచ్చినారు?"